సగంలో ఆగిన నవల

ప్రేమ నవల అంటే నాకు చులకన లేదు. ఈ మాట ముందుగానే మనవి చేసుకోవడం మంచిది. ఎందుకంటే, పదిమంది మెచ్చిన నవలను ఎవరైనా విమర్శిస్తే "ప్రేమకథలంటే గిట్టని మనిషి" అని ముద్ర వేయడం మన టౌన్‌షిప్‌లో పరిపాటి. నేను ఆ కోవకు చెందినదాన్ని కాను. మా చిన్నతనంలో వారపత్రిక ఇంటికి వచ్చిన రోజున అమ్మకూ పిన్నికీ మధ్య మాటలుండేవి కావు. పత్రిక ముందుగా ఎవరి చేతికి చిక్కితే వారు పెరటి అరుగు మీదికి వెళ్ళిపోయేవారు. రెండవవారు వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే సర్దుతుండేవారు. ధారావాహిక పూర్తయి, నవల అద్దె పుస్తకాల దుకాణానికి వచ్చాక, ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచి చదివేవారు. అట్లాంటి ఇంట్లో పెరిగాను.

ఆనాటి నవలల్లోని మేడలను, కార్లను, ఆరడుగుల కథానాయకులను తలచుకొని ఇప్పుడు నవ్వుకొంటాం. నవ్వుకోవచ్చు కూడా. కాని యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'ని ఒక్కసారి మళ్ళీ తెరిచి చూడండి. జయంతి ఉద్యోగం చేసుకొని బ్రతుకుతున్న మధ్యతరగతి అమ్మాయి. రాజశేఖరం ఐశ్వర్యవంతుడు. వారిద్దరి మధ్య అడ్డుగా నిలిచినదేమిటి? ప్రధానంగా జయంతి ఆత్మాభిమానం. ఆమె మనసులో అవునని ఉన్నా పైకి కాదని ఎందుకంటున్నదో చదివేవారికి తెలుసు. తెలిసినందువల్లనే కథానాయకుడి కంటె ఆమె మీదనే బెంగపడతాం. టైపు, షార్ట్‌హాండు నేర్చుకొని ఆఫీసులలో చేరిన నా తరం ఆడపిల్లలకు, ఉద్యోగం చేసే అమ్మాయి కూడా కథానాయిక కాగలదని చెప్పినవి అట్లాంటి నవలలే. సులోచనారాణి గారు 2018లో కాలధర్మం చెందిన వార్త విన్నప్పుడు మా సెక్షనులో మధ్యాహ్న భోజనాలవేళ ఆడవాళ్ళం మాట్లాడుకొన్నది ఆ సంగతే.

ఈ నేపథ్యంతోనే నేను చేతన్ భగత్ రచించిన 'హాఫ్ గర్ల్‌ఫ్రెండ్' చదివాను. 2014 అక్టోబరులో వెలువడిన ఇంగ్లీషు నవల ఇది. 2017లో హిందీ సినిమాగానూ వచ్చింది. నేను చదవడం మాత్రం చాలా ఆలస్యంగా జరిగింది. మా మెటీరియల్స్ విభాగంలో ట్రైనీగా చేరిన ఒక కుర్రవాడు తన సొంత ప్రతిని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో, ఊరి బడిలో చదువుకొన్న పిల్లవాడు. పనిలో చురుకు. సరుకు నిల్వల లెక్క అతని నోటి చివరనే ఉంటుంది. రివ్యూ మీటింగులో ఎవరైనా ఇంగ్లీషులో ప్రశ్న వేస్తే మాత్రం బల్ల మీది నీళ్ళ సీసా వైపు చూస్తూ ఉండిపోతాడు.

"మేడమ్, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నేను చదివిన మొట్టమొదటి ఇంగ్లీషు పుస్తకం ఇదే. ఇందులో ఉన్నవాడు అచ్చం నాలాంటివాడు. మీరు చదివి ఎలా ఉందో చెప్పండి" అన్నాడు.

ఇంత మాట అన్న తరువాత ఆ పుస్తకాన్ని మామూలుగా చదవడం సాధ్యమా? బాగుండాలని మొక్కుకొంటూ మొదలుపెట్టాను.

కథానాయకుడు మాధవ్ ఝా బీహారులోని డుమ్రావ్ వాసి. డుమ్రావ్ అనగానే మన తరానికి గుర్తుకు వచ్చేది షెహనాయి. ఉస్తాద్ బిస్మిల్లాఖాన్ 1916లో పుట్టిన ఊరు అది. మాధవ్ అక్కడి పాత జమీందారీ కుటుంబపు బిడ్డ. ఇప్పుడు పేరే గాని పైకం లేని కుటుంబం. తల్లి ఊరి పిల్లల కోసం బడి నడుపుతుంటుంది. మాధవ్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ కోటాలో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాల ఇంటర్వ్యూకి వెళతాడు. ప్రశ్న అర్థమవుతుంది, సమాధానం తెలుసు, నోరు పెగలదు. అక్కడే ధనిక కుటుంబానికి చెందిన రియా సోమానీ పరిచయమవుతుంది. ఆమెకూ బాస్కెట్‌బాల్ ప్రాణం. అతను ప్రేమ అంటాడు. ఆమె స్నేహానికి ఎక్కువ, ప్రేమకు తక్కువ అయిన ఒక మధ్యస్థితిని ప్రతిపాదిస్తుంది. నవల పేరు అందులోంచి వచ్చినదే.

ఈ మొదటి వంద పేజీలూ చదువుతున్నప్పుడు నాకు సంతోషం కలిగింది. ఆ ఇంటర్వ్యూ గది నాకు తెలుసు. 1991లో నేను ఈ సంస్థలో స్టెనోగ్రాఫరుగా చేరే నాటికి ఇంగ్లీషు షార్ట్‌హాండు నిమిషానికి 100 మాటల వేగంతో రాయగలను. అధికారి చెప్పే ఉత్తరంలో తప్పు దొర్లితే టైపు చేస్తూనే సరిదిద్దగలను. కాని అదే అధికారి తల ఎత్తి "భోజనం అయిందా?" అని ఇంగ్లీషులో అడిగితే సమాధానానికి తడుముకొనేదాన్ని. వేళ్ళకు వచ్చిన భాష నాలుకకు రాలేదు. ఇది నా ఒక్కదాని సంగతి కాదు. మన ఆఫీసు ఫైళ్ళలో ఇంగ్లీషు నడుస్తుంది, సెప్టెంబరు పక్షోత్సవాలలో హిందీ నడుస్తుంది, క్యాంటీనులో తెలుగు నడుస్తుంది. ఏ గదిలోకి వెళితే ఎవరు మూగవారవుతారో మనందరికీ తెలిసినదే. ఇంత పెద్ద విషయాన్ని ఒక ప్రేమకథలో పెట్టి, లక్షల మంది చదివే రచయిత రాయడానికి పూనుకోవడం చిన్న సంగతి కాదు. నవలను ఆయన అంకితం చేసినవారిలో గ్రామీణ భారతం ఉంది, ఇంగ్లీషు రానివారు ఉన్నారు.

ఇక్కడ రచయిత గురించి రెండు మాటలు న్యాయంగా చెప్పాలి. ఢిల్లీ ఐఐటీలోను, అహ్మదాబాద్ ఐఐఎంలోను చదివి, హాంకాంగ్‌లో బ్యాంకు ఉద్యోగం చేసిన ఆయన 2004లో తొలి నవలను ప్రచురించినప్పుడు దాని వెల 95 రూపాయలు. ఇంగ్లీషు నవల అంత చౌకగా రైల్వే స్టేషను పుస్తకాల బండి మీద దొరకడం, డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లవాడు నిఘంటువు అవసరం లేకుండా పేజీలు తిప్పగలగడం అప్పటికి కొత్త. ఆయన వాక్యాలు పేలవంగా ఉంటాయని పెద్ద పెద్ద విమర్శకులు అన్నారు. ఉండవచ్చు. పేలవమైన వాక్యం వల్ల మా ట్రైనీకి చివరి పేజీ చేరే ధైర్యం వచ్చింది. ఈ లెక్కను నేను తక్కువ చేయను. నా ఆశాభంగానికి కారణం భాష సులువుగా ఉండడం కాదు.

మొదటి చిక్కు ఆ హాస్టలు గదిలో వస్తుంది. స్నేహితుల ఎగతాళికి లోబడి మాధవ్ రియాను తన గదికి రప్పించి బలవంతం చేయబోతాడు, చెవులు మూసుకోవలసిన మాట ఒకటి అంటాడు. ఆమె వెళ్ళిపోతుంది. కుటుంబ సభ్యులు చదివే పత్రిక కాబట్టి ఇంతకంటె వివరించను. యువకుడు తప్పు చేయడం కథకు అభ్యంతరం కాదు. ఆ తప్పు బరువును కథ మోయాలి గదా! ఇక్కడ మాధవ్ బాధపడేది ఆమెను భయపెట్టినందుకా, పోగొట్టుకొన్నందుకా అన్నది చివరిదాకా నాకు తేలలేదు. ఆమె చదువు మానేసి, లండన్‌లో స్థిరపడిన ధనిక కుటుంబపు అబ్బాయిని పెళ్ళాడుతుంది. పాఠకుడి జాలి అంతా మాధవ్ మీదికి మళ్ళుతుంది.

మరొక బాధ కూడా చెప్పాలి. ఆ కుర్రవాడి మాతృభాష భోజ్‌పురి. 2011 జనాభా లెక్కలలో తమ భాష భోజ్‌పురి అని చెప్పుకొన్నవారు 5 కోట్లకు పైగా ఉన్నారు. అయినా అది హిందీ కిందనే లెక్కలోకి పోయింది. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దానికి చోటు లేదు. అంటే మాధవ్ ఇంగ్లీషు వాకిలి దగ్గరికి రాకముందే ఒక గడప దాటి వచ్చినవాడు. ఆ భాషలో వియోగం లేదా? భిఖారీ ఠాకూర్ నాటకం 'బిదేసియా' అంతా వియోగమే. పొట్టకూటికి కలకత్తా వెళ్ళి తిరిగి రాని భర్త కోసం ఎదురు చూసే ఇల్లాలి కథ అది. మన వలస జిల్లాల వారికి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేని కథ. ఇంత సంపద ఉన్న నేల నుంచి వచ్చిన యువకుడికి, తన పలుకుబడి ఒక ప్రేమకథలో ఎందుకు పనికి వచ్చింది? నాకు గుర్తుండిపోయినది ఆ హాస్టలు గదిలోని మోటుమాట ఒక్కటే. ఇంగ్లీషు రానివారికి అంకితమైన పుస్తకంలో ఇది నాకు కష్టం కలిగించింది.

తరువాత కథ డుమ్రావ్ చేరుతుంది. ఉద్యోగం వద్దనుకొని మాధవ్ తల్లి బడికి సాయంగా వస్తాడు. ఆడపిల్లలు బడికి రావడం లేదు. కారణం మరుగుదొడ్లు లేకపోవడం. అవి కట్టడానికి డబ్బు కావాలి. బిల్ గేట్స్ బీహారు పర్యటనకు వస్తున్నారని, ఆయన ముందు ఇంగ్లీషులో మాట్లాడితే విరాళం రావచ్చునని తెలుస్తుంది. అప్పటికి విడాకులు తీసుకొని ఉద్యోగం మీద పాట్నా వచ్చిన రియా అతనికి ప్రసంగం నేర్పుతుంది.

ఈ భాగం చదివేటప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఎందుకో మన సంస్థల వారికి వేరే చెప్పాలా? కంపెనీల కొత్త చట్టం ప్రకారం లాభాలలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలన్న నియమం 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టు 15న, ఏడాదిలోగా ప్రతి బడిలోనూ బాలికలకు వేరుగా మరుగుదొడ్డి ఉండాలని ప్రధానమంత్రి ఎర్రకోట మీద నుంచి ప్రకటించారు. ప్రభుత్వరంగ సంస్థలు తలా కొన్ని వేల చొప్పున ఆ పనిని పంచుకొన్నాయి. ఆ తరువాత రెండు నెలలకే ఈ నవల వచ్చింది. అనుకోకుండా ఒక ప్రేమకథా, దేశంలోని ఇంజనీర్లూ ఒకే గోడ దగ్గర నిలబడ్డారన్నమాట.

ఆ రోజుల్లో మహిళా ఉద్యోగుల తరఫున నేనూ ఒక పల్లెటూరి బడికి వెళ్ళాను. గదులు చక్కగా కట్టారు, పలకలు అతికించారు, తలుపుల మీద బొమ్మలు వేయించారు. ప్రధానోపాధ్యాయురాలు మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "అమ్మా, కట్టించినవారికి నమస్కారం. నీళ్ళెక్కడివి? కడిగేవారెవరు? తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?" అని అడిగారు. మాతో వచ్చిన సివిలు ఇంజనీరు గారు పుస్తకంలో రాసుకోబోయి ఆగిపోయారు. తొమ్మిదో తరగతి పిల్లలు నెలలో నాలుగైదు రోజులు మధ్యాహ్నానికే ఇళ్ళకు వెళ్ళిపోతారని, వెళ్ళినవారిలో కొందరు మరునాడు రారని, ఒక ఏడాది తిరిగేసరికి అసలే రారని ఆమె చాలా తగ్గు స్వరంతో చెప్పారు. ఆ తరువాత బోరు మోటారుకు, పైన నీళ్ళ తొట్టెకు, ఒక ఆయాకు ఏర్పాటు జరగడానికి ఎన్ని ఉత్తరాలు నడిచాయో టైపు చేసినదాన్ని నేనే కాబట్టి చెప్పగలను. ఆ ఉత్తరాల దొంతరలో ఒక నవలకు సరిపడ్డ కథ ఉంది.

అదృష్టవశాత్తు భగత్ గారి చేతికి ఆ కథ చిక్కింది. ఊరు ఉంది, బడి ఉంది, పట్టుదల గల తల్లి ఉంది, చదువు వచ్చి మాట రాని కొడుకు ఉన్నాడు, దెబ్బతిని వచ్చిన అమ్మాయి ఉంది. ఆ ముగ్గురినీ ఆ బడి ఆవరణలోనే ఉంచి, రోజూ వచ్చే చిక్కుల మధ్య ఆ ఇద్దరూ ఒకరినొకరు తెలుసుకొనేటట్లు రాసి ఉంటే ఎంత మంచి ప్రేమకథ అయి ఉండేదో! కాని ప్రసంగం ముగిసి చప్పట్లు మోగిన క్షణంలోనే బడి పని అయిపోయింది. ఇంగ్లీషు సమస్యా తీరిపోయింది, పరుగుపందెంలో దాటేసిన అడ్డుకర్రలాగా. రియా ఉత్తరం రాసిపెట్టి మాయమవుతుంది. తనకు ఊపిరితిత్తుల క్యాన్సరు అనీ, మూడు నెలలే బ్రతుకుతాననీ అందులో ఉంటుంది. కొన్నేళ్ళకు ఆమె డైరీలు రచయిత చేతికే వస్తాయి. అవును, రచయిత తన నవలలో తానే ఒక పాత్ర. క్యాన్సరు అబద్ధమని అప్పుడు తెలుస్తుంది. పాటలు పాడుకోవాలన్న ఆమె కోరికను బట్టి న్యూయార్కులో వెతకాలని మాధవ్ బయలుదేరుతాడు. సంగీతం వినిపించే ప్రతి బారూ గాలిస్తాడు. చివరికి దొరుకుతుంది.

మా ఇంట్లో క్యాన్సరుతో పోయినవారున్నారు. నెలనెలా బసవతారకం ఆసుపత్రికో అడయారుకో ప్రయాణం కట్టే కుటుంబాలు మన టౌన్‌షిప్‌లోనూ ఉన్నాయి. ఆ జబ్బును కథ మలుపు కోసం తెచ్చి, పని కాగానే 'ఉత్తదే' అని తీసివేయడం నాకు మింగుడుపడలేదు. అంతకు మించిన బాధ, రియా పడిన కష్టాలు నిజంగా పెద్దవి కావడం. పుట్టినింట్లో చెప్పుకోలేని గాయం, అత్తింట్లో హింస. ఇవన్నీ మనకు తెలిసేసరికి నవల చివరికి వచ్చేసింది. జయంతి ఎందుకు కాదన్నదో మొదటి నుంచీ తెలిసినందువల్ల ఆమెతోపాటు నడిచాం. రియా ఎందుకు పారిపోతున్నదో తెలియనందువల్ల ఆమెను వెతకడమే మన పని అయింది. ఆమె మనిషి కాలేదు, చిరునామా అయింది.

నిజజీవితం ఒక్కొక్కసారి నవలలకంటె ధైర్యంగా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా పల్లెలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, సివిల్స్ మెయిన్స్ తెలుగులోనే రాసి, ఇంటర్వ్యూలో కూడా అనువాదకుడి సాయంతో తెలుగులోనే మాట్లాడి, 2016 సివిల్స్‌లో దేశం మొత్తం మీద 3వ ర్యాంకు సాధించిన రోణంకి గోపాలకృష్ణ గారి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఎనిమిదవ షెడ్యూలు భాషలలో ఆ పరీక్ష రాసే వీలు 1979 నుంచి ఉంది. ఆయన ఇంగ్లీషు గోడ ఎక్కి దూకలేదు, గోడలోనే ఉన్న తలుపు తట్టారు. మాధవ్‌కు అట్లాంటి తలుపు ఒకటి ఉండవచ్చునన్న ఆలోచన నవలలో ఎక్కడా తోచకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

ఇదంతా ఆ అబ్బాయికి చెప్పాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. అడిగినవాడికి నిజం చెప్పకపోవడం అతని చదువును చిన్నబుచ్చడమే అనిపించి, ఒక శనివారం ఇంటికి పిలిచి, ఉప్మా పెట్టి, దాపరికం లేకుండా చెప్పాను. తల వంచుకొని విన్నాడు.

"మీరన్నవన్నీ నిజమే కావచ్చు మేడమ్. కాని ఇంటర్వ్యూలో వాడి నోరు ఎండిపోయిన పేజీలు నేను పదిసార్లు చదివాను. నాకు అట్లా అయిందని ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. పుస్తకంలో అచ్చయి కనిపించేసరికి..." అని ఆగిపోయాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అతని ముందు నేను వాదించదలచుకోలేదు కూడా. ప్రతిగా నా దగ్గర ఉన్న పాత 'సెక్రటరీ' ప్రతిని చేతిలో పెట్టాను. నాలుగు రోజులలో తిరిగి ఇచ్చేస్తూ, "బాగుంది మేడమ్. కాని ఆ రాజశేఖరం గారు ఆఫీసు పని ఎప్పుడు చేస్తారు?" అని అడిగాడు. మా సెక్షను ఆడవాళ్ళు ఈ ప్రశ్నను ఇంకా క్షమించలేదు.

అతని పుస్తకం అతనికి ఇచ్చేసే ముందు ఒకసారి మొదటి నుంచి పేజీలు తిప్పాను. మొదటి డెబ్భై ఎనభై పేజీలలో ఇంగ్లీషు మాటల నెత్తిన పెన్సిలుతో సన్నగా తెలుగు అర్థాలు రాసి ఉన్నాయి. కొన్నిచోట్ల వరుసకు రెండేసి. డుమ్రావ్ బడి దగ్గర కూడా అక్కడక్కడ ఉన్నాయి. న్యూయార్కు పేజీలలో ఒక్క గీత అయినా లేదు. అప్పటికి మాటలన్నీ వచ్చేశాయా నాయనా అని అడిగాను.

"లేదు మేడమ్," అన్నాడు, "అక్కడ అర్థం తెలియకపోయినా ఫరవాలేదనిపించింది."